కాపరులకు ఇయ్యబడిన గురుతు

పాఠ్యభాగము: లూకా 2:1–24. కలిపి చదువవలసినవి: లేవీయకాండము 12:6–8, మత్తయి 2:1–12.



నవంబరు నెల ముగియక మునుపే కర్నూలు బజారులో కాగితపు నక్షత్రములు వ్రేలాడుచుండును. ఎర్ర టోపీలు ఒక కుప్ప, దూది గడ్డపు తాతలు ఒక కుప్ప, మిణుకుమను దీపముల దండలు ఒక కుప్ప. బట్టల అంగళ్ల ముందర తగ్గింపు ధరల బోర్డులు. కూడలిలో నాయకుల బొమ్మలు పెద్దవిగాను, తొట్టిలోని శిశువు బొమ్మ చిన్నదిగాను వేసిన ఫ్లెక్సీలు. తెల్లవారకమునుపే చేతిఫోనులో నూరు శుభాకాంక్షలు; వాటిలో సగము ప్రభువు పేరైనను లేనివి. హంద్రి ఆవల ఉండిన నగరము వంతెన దాటి మన కల్లూరులోనికి వచ్చి కూర్చున్నది గనుక ఇవన్నియు ఇప్పుడు మన గడప ముందరి సంగతులే.

"లోకము మన పండుగను ఎత్తుకొని పోయినది అయ్యగారూ" అని మన పెద్దలలో ఒకరు ప్రతి సంవత్సరము మాతో చెప్పుచుందురు. మేమును చాల ఏండ్లు ఆ మాటనే ప్రసంగించితిమి. అట్లు ప్రసంగించుట సుళువు. ఎర్ర టోపీని తిట్టిన ప్రసంగమునకు ఎవరికిని కోపము రాదు. అందరును తలలూపుదురు, ఆరాధన అయిన తరువాత కరచాలనము చేసి మెచ్చుకొందురు. కాని గడచిన డిసెంబరులో జరిగిన రెండు సంగతులు మేము ఈ లూకా అధ్యాయమును మరల మొదటినుండి చదువునట్లు చేసినవి. వాటిని ముందుకు చెప్పెదము. మొదట పాఠమును చూతము.

పాఠమునకు ముందు ఒక మాట ఒప్పుకొనవలెను. డిసెంబరు 25 అను తేది లేఖనములలో లేదు. ఆ దినమును ప్రభువు జన్మదినముగా చూపు అతి పాత వ్రాత, 354లో రోమాలో కూర్చబడిన ఒక పంచాంగము. అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితులు చెప్పుదురు. పండుగను బైబిలులో లేదని కొట్టివేసిన భక్తులును కలరు. అమెరికాలోని మసాచుసెట్సు వలస రాజ్యములో 1659లో క్రిస్మసు ఆచరించినవారికి 5 షిల్లింగుల జుల్మానా వేయుదుమని చట్టము చేసిరి. 1681లో దానిని తీసివేసిరి. చట్టము పండుగను చంపలేదు, చట్టము పోయినంతమాత్రమున పండుగకు అర్థమును రాలేదు. దినమును ఎంచువాడు ప్రభువు కొరకే ఎంచవలెనని పౌలు రోమా 14లో చెప్పిన మాట మనకు చాలును. తేదిని గూర్చి మన సంఘములో ఇక వాదములు వద్దు.

తాత సంగతియు అంతే. నాలుగవ శతాబ్దములో, నేటి టర్కీ దేశములో నుండిన మైరా అను పట్టణపు బిషప్పు నికొలాసు. బీదవారికి రాత్రివేళ ఎవరికిని తెలియకుండ ఇచ్చెనని ఆయనను గూర్చి కథలు చెప్పుకొనిరి. మన వీధిలోని తాత మిఠాయి విసరునప్పుడు పది ఫోనులు ఫొటో తీయుచున్నవి. తెలియకుండ ఇచ్చినవాని పేరు ఎక్కడికి వచ్చి చేరినదో చూడుడి.

సెమీ క్రిస్మసు అను మరియొక క్రొత్త పండుగ కలదు. 25న ఎవరి గుడి వారికి కలదు గనుక, అంతకు ముందే కచేరీలలోను, కళాశాలలలోను, వీధులలోను చేసుకొను వేడుక ఇది. పది మంది కలిసి పాడుటలో తప్పు లేదు, మేమును పిలిచినచోటికి పోవుచునే యున్నాము. అయితే పండుగకు ముందరి నాలుగు వారములను పాత సంఘము ఆగమన కాలమని పేరుపెట్టి, ఉపవాసమునకును ఒప్పుకోలునకును విడిచియుంచెను. ఆ వారములను ఇప్పుడు సెమీ క్రిస్మసు బిరియానీతో తినివేసితిమి. 25వ తేది ఉదయము గుడికి వచ్చువేళకు గాయక బృందమునకు గొంతు లేదు, మాకు మాట లేదు. ఆకలి లేనివానికి విందు వడ్డించినట్లుండును.

ఇక పాఠము.

ఏడవ వచనములో సత్రములో వారికి స్థలము లేకపోయెనని చదువుదుము. వేదాంత పాఠశాలలో మాకు గ్రీకు నేర్పిన గురువుగారు ఇక్కడ మమ్మును ఆపి, ఈ మాటను లూకా మరియొకచోట ఎక్కడ వాడెనో వెదకుడనిరి. లూకా 22:11లో ప్రభువు పస్కా భుజించుటకు అడిగిన విడిది గదికి ఇదే మాట. మంచి సమరయుడు గాయపడినవానిని చేర్చిన పూటకూళ్ల యింటికి లూకా 10లో వేరొక మాట కలదు. కాబట్టి బేత్లెహేములో నిండిపోయినది కూలికి దిగు సత్రము కాదు, ఎవరో బంధువుల ఇంటి విడిది గది కావచ్చునని అనేకమంది పండితుల తలంపు.

మన సీమవారికి ఇది తేటగా అర్థమగును. పాత మట్టి మిద్దెలు చూచినవారు మీలో ఇంకను కలరు. తలుపు తీయగానే ఎద్దులు, వాటి మేత తొట్టి; రెండు మెట్లు ఎక్కినచో మనుష్యులు. ఒకే కప్పు, ఒకే దీపము. పై భాగము చుట్టములతో నిండిపోయినప్పుడు కాన్పుకు వచ్చిన ఆడకూతురిని ఎద్దుల ప్రక్కకు తీసికొనిపోయి చాటు కట్టుట మన అవ్వలకు తెలియని సంగతి కాదు. అట్లయినచో బేత్లెహేమువారు తలుపు మూసిన దుర్మార్గులు కారు. ఇరుకైన ఇంటిలో ఉన్న చోటు ఇచ్చిన బీదలు. దేవుని కుమారుడు బీదవారి దొడ్డితనము మీద ఆధారపడి పుట్టెను. ఈ మాటను మేము తొందరగా దాటిపోలేకయున్నాము.

పండ్రెండవ వచనములో దూత కాపరులకు ఒక గురుతు చెప్పెను. ఏమి గురుతు? నక్షత్రము కాదు. నక్షత్రము లూకాలో లేదు. అది మత్తయి 2లో తూర్పు దేశపు జ్ఞానులకు ఇయ్యబడినది, వారు చేరువేళకు శిశువు ఇంటిలో నున్నట్లు 11వ వచనము చెప్పుచున్నది. కాపరుల గురుతు పొత్తిగుడ్డలును పశువుల తొట్టియు. గొర్రెల కాపరికి తొట్టి ఎట్టిదో ఎవరును నేర్పనక్కరలేదు. పట్టణములోని వంద ఇండ్లలో ఏ ఇంటికి పోవలెనో వానికి తెలియవలెను గదా. అక్కడికి వాడు కంబళితోనే, గొర్రెల వాసనతోనే, కాళ్ల మట్టితోనే పోవచ్చును. గడప యొద్ద ఎవరును అడ్డగింపరు. ఆ గురుతు వానికి సరిపోవునట్లు ఇయ్యబడినది.

మనము నక్షత్రమును మిద్దెమీద కట్టుకొంటిమి. తొట్టిని గూర్చి ఏమి చేసితిమి?

ఇప్పుడు మొదటి సంగతి చెప్పెదము. గడచిన క్రిస్మసు ఉదయము మన సంఘములోని ఒక కూలి కుటుంబము ఆరాధనకు రాలేదు. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలు. ఆదివారము తప్పనివారు. జ్వరమేమో అనుకొని సాయంత్రము మేమును అమ్మగారును వారి ఇంటికి పోతిమి. జ్వరము లేదు. తల్లి చాల సేపు తల ఎత్తలేదు. తరువాత, "పిల్లోళ్లకు కొత్తగుడ్డలు కుదర్లేదు అయ్యగారూ. పోయిన క్రిస్మసుకు తెచ్చిన అప్పే ఇంకా తీరలేదు. అందరూ కొత్తవి ఏసుకోనుంటే పాతవాటితో గుడికి ఎట్ల వచ్చేది?" అనెను.

ఇంటికి వచ్చి పండుగ చందా పుస్తకము తెరచితిమి. ఆ కుటుంబము పేర 500 రూపాయలు చెల్లినట్లు మా చేతి వ్రాతతోనే యున్నది. ఆ సొమ్ము ఏమాయెను? స్టేజికిని, దీపముల దండలకును, సౌండు పెట్టెలకును పోయినది. ఆ పెట్టెలు ఎంత పెద్దవనగా, మేము చేసిన క్రిస్మసు ప్రసంగము ఆ ఇంటివరకు వినబడెనట. పిల్లలు గుమ్మములో కూర్చుండి వినిరట.

లోకము ఎత్తుకొని పోయినదని మేము ఎవరిని గూర్చి ప్రసంగించుచుంటిమి?

పండుగకు క్రొత్తబట్ట కట్టుట మన దేశపు అలవాటు. ఉగాదికైనను రంజానుకైనను ఇంటి పెద్ద పిల్లలకు కొనును. అది చెడ్డది కాదు. చెడ్డది ఎక్కడ వచ్చెననగా, క్రొత్తబట్ట లేనివాడు రాకూడదని ఎవరును చెప్పకుండనే చెప్పినట్లగుటలో. వర్షము తప్పిన ఏట, ఉల్లిగడ్డకు ధర పడిపోయిన ఏట, మన ప్రజలు డిసెంబరులో నూటికి మూడో నాలుగో రూపాయల నెలవడ్డీకి తెచ్చి బట్టలు, పొట్టేలు కొనుచున్నారు. ఆ అప్పు తరువాతి క్రిస్మసు వరకు ఇంటిలో నుండును. ఈ అప్పును గూర్చి లేఖనము ఏమియు చెప్పలేదని అనుకొనవద్దు. 24వ వచనము చూడుడి. మరియ శుద్ధీకరణ దినమున యోసేపు ఏమి తీసికొనిపోయెను? గువ్వల జత లేక రెండు పావురపు పిల్లలు. లేవీయకాండము 12 ప్రకారము గొర్రెపిల్ల తేవలెను. దానికి శక్తి చాలనివారు మాత్రము పక్షులను తేవచ్చును. ఇది మొదటి కుమారుని పండుగ. దూతలు పాడిన శిశువు. యెరూషలేములో అప్పిచ్చువారు లేకపోలేదు. అయినను యోసేపు గొర్రెపిల్ల కొరకు అప్పు చేసెనని లూకా వ్రాయలేదు. బీదవాని కానుకను బీదవానిగానే, అందరు చూచుచుండగా, దేవాలయములోనికి తీసికొనిపోయెను. సుమెయోను ఆ పక్షులను చూచి శిశువును ఎత్తుకొనకపోయెనా?

2009 సంవత్సరము మీకు జ్ఞాపకమున్నది. అక్టోబరు 2వ తేదిని తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచెను. మేము అప్పటికి పరిచర్యలో క్రొత్తవారము. గోడలమీద మట్టి గీత ఇంకను ఆరకమునుపే క్రిస్మసు వచ్చెను. పెట్టెలోని బట్టలు కుళ్లిపోయినవి, బైబిళ్లు అట్టలు ఉబ్బి మూతపడలేదు. ఆ సంవత్సరము నక్షత్రము కట్టినవారు లేరు, చందా అడిగినవారు లేరు. ఎవరో పంచిన చీరలు, ఎవరివో చొక్కాలు. ఒకరి చొక్కా మరియొకరికి వదులుగా నుండి పిల్లలు నవ్వుకొనిరి. ఆ ఉదయము రానివారు ఒక్కరును లేరు. అందరికిని లేనప్పుడు వచ్చుటకు సిగ్గు లేకపోయెను. నీళ్లు తీసిన తరువాత ఒక్కొక్కరు కొనుక్కొనగలిగినకొలది మరల ఒక్కొక్కరు వెనుక బెంచీకి, ఆ తరువాత ఇంటి గుమ్మమునకు జరిగిరి. మేము గమనింపలేదు.

ఇచ్చుటను గూర్చియు ఒక మాట. 2014 తరువాత ఆంధ్రప్రదేశులోను తెలంగాణలోను ప్రభుత్వములు క్రిస్మసుకు సరుకుల సంచులు, బట్టలు, విందులు ఇచ్చిన సంవత్సరములు కలవు. పౌరులకు ప్రభుత్వము ఇచ్చినది తీసికొనుటలో పాపమేమియు లేదు. బీద ఇంటిలో ఆ కందిపప్పు ఉడికినది. కాని కానుకను చూచి పండుగ, పండుగను చూచి పేరు అనునట్లు మన పిల్లలు నేర్చుకొనకుండ చూడవలెను. ధాత కరువు అని మన పెద్దలు చెప్పుకొను 1876–78 నాటి కరువులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఎండిపోయినవి. ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి పెట్టెను. వేలమంది బాప్తిస్మము అడిగిరి. కరువు సాయము సాగుచున్నంతకాలము ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చిరో ప్రభువు కొరకు వచ్చిరో తెలియవలెను గనుక. సాయము ఆగిన తరువాత 1878 జూలై 3వ తేదిని వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నమును పెట్టెను, దానికి బదులుగా విశ్వాసమును అడుగలేదు. నేటి మన పండుగలో ఈ రెండును తలక్రిందులైనవి. అన్నము పెట్టము గాని చందా అడుగుదుము.

పొరుగువారిని గూర్చి క్లుప్తముగా. మన హిందూ, ముసల్మాను ఇండ్లవారు క్రిస్మసు దినమున మన ఇంటికి వచ్చి తిని పోవుదురు; రంజానుకు వారి సేమియా మన గిన్నెలోనికి వచ్చును. ఇట్టి రాకపోకల వలన క్రిస్మసు అర్థము పలుచనగునని కొందరి భయము. మాకు ఆ భయము లేదు. మన ఇంటికి వచ్చినవాడు మన ఇంటిలో ఎవరి పుట్టుకనో అడిగినప్పుడు చెప్పలేకపోవుటే భయపడవలసిన సంగతి.

రెండవ సంగతి దీనిని గూర్చినదే. గడచిన సంవత్సరము పాటల బృందము రాత్రి బయలుదేరినప్పుడు మా చేతి పట్టికలో 34 ఇండ్లు ఉండెను. అన్నియు విశ్వాసుల ఇండ్లు, అనగా కవరు ఇచ్చు ఇండ్లు. ఒక కాలనీ నుండి మరియొక కాలనీకి పొలము గట్టు మీదుగా అడ్డదారిన పోవుచుంటిమి. పంట తీసిన చేనిలో గొర్రెల మంద దిగియుండెను. మన రైతులు ఎరువు కొరకు చేనిలో మందను రాత్రులు ఆపించుకొని కాపరులకు గింజలో డబ్బో ఇచ్చుట మీకు తెలిసినదే. చుట్టు వల కట్టి, నడుమ చిన్న మంట వేసికొని ఒక కురువ కాపరి కంబళి కప్పుకొని కూర్చుండెను. మన యౌవనస్థులు డోలు వాయించుచు, దూతలు కాపరులకు కనబడిన పాటనే పాడుచు వాని ప్రక్కగా నడచిపోవుచుండిరి.

"యాడికి సామీ ఇంత రేత్రిలో?" అని వాడు అడిగెను. "పాటలకు" అని ఒకడు జవాబు చెప్పి సాగిపోయెను. మేమును సాగిపోతిమి. పట్టికలో ఆ చేను లేదు.

మనలో చదువు రాని ఒక అవ్వ కలదు. మోకాళ్ల నొప్పితో అందరికంటె వెనుక వచ్చుచుండెను. ఆమె ఆగెను. ఆమె ఆగినందున మేమును వెనుకకు పోవలసివచ్చెను. అప్పటికే ఆమె మంట ప్రక్కన కూర్చుండి చెప్పుచుండెను: "ఇది మీ పండగే నాయినా. మా దేవుడు పుట్టినాడని మొదులు తెలిసింది గొర్లు కాసేటోళ్లకే. రాజుకు గాదు, పూజారికి గాదు."

"గొర్లోళ్లకా?" అని కాపరి నవ్వెను. ఆమె ఉన్నదంతయు చెప్పెను. రాత్రి, వెలుగు, భయము, తొట్టి. లూకాను ఆమె చదువలేదు, నలుబది ఏండ్లుగా వినుచున్నది. వాడు కర్రతో నిప్పులు కదుపుచు వినెను. తొట్టిలో పండబెట్టిరని చెప్పినప్పుడు, "సలికి గడ్డే మేలులే" అనెను. అంతయు అయిన తరువాత మా వైపు తిరిగి, "మరి వాళ్లంతా ఊర్లోకి పోతే మందకాడ ఎవురుండిరి సామీ?" అని అడిగెను.

మేము వేదాంత పాఠశాలలో లూకా సువార్తను మొదటినుండి చివరివరకు చదివి పరీక్షలు వ్రాసితిమి. ఇరువది ఏండ్లకు మించి ఈ అధ్యాయము మీద ప్రసంగించితిమి. ఈ ప్రశ్న మాకు ఎన్నడును తోచలేదు. గొర్రెలు కాసినవానికే తోచును. మేము జవాబు వెదకుచుండగా అవ్వ, "ఆ పొద్దు దేవదూతలే కాసినారులే అబ్బీ" అని చెప్పి లేచెను. దూతలు పరలోకమునకు వెళ్లిపోయిరని 15వ వచనము చెప్పుచున్నది గనుక ఆ జవాబు నిలువదు. అయినను మేము ఆమెను దిద్దలేదు.

ఈ సంవత్సరము సంఘపెద్దలు కూడి కొన్ని సంగతులు నిర్ణయించిరి. పండుగ చందా పుస్తకము ఉండదు. వాకిలి యొద్ద ఒక పెట్టె ఉండును, పేర్లు చదువబడవు. సౌండు పెట్టెలు తేము. మా గొంతు గుడి గోడలవరకు చాలును. గుంటూరు వైపు పత్తికిని మిరపకును సుగ్గికి పోయిన మన కుటుంబములకు ఫోనులో కాదు, ఇద్దరు పెద్దలు స్వయముగా పోయి వారి డేరాల యొద్ద ఆరాధన జరిపించి వచ్చెదరు. దారిఖర్చు దీపముల దండల లెక్కలోనుండి తీసితిమి. అమ్మగారు మరియొక సంగతి చెప్పిరి: 25వ తేదిని పాస్టరు ఇంటి పిల్లలు ఉతికిన పాతబట్టలతో ముందు బెంచీలో కూర్చుండవలెను. మా చిన్నకుమార్తె రెండు దినములు ఏడ్చినది. ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు. ఆ కూలి కుటుంబపు తల్లికి మేము ఈ సంగతి చెప్పలేదు. చెప్పినచో అది మరియొక భారమగును.

పాటల బృందపు క్రొత్త పట్టికలో మొదటి వరుసలో ఇంటి పేరు లేదు. "మంద దిగిన చేను" అని వ్రాసితిమి. ఈ ఏట మందలు ఎటు దిగునో ఇంకను తెలియదు. హంద్రి గట్టు వైపు విచారించి రమ్మని ఇద్దరు పిల్లవాండ్రను పంపితిమి. అవ్వ తాను ముందుగనే బయలుదేరెదననియు, క్యారియరులో అన్నము తెచ్చెదననియు చెప్పినది.